నెత్తి చర్మం ఊడివస్తే ఏం చేయాలి: మిషన్ దగ్గర నుంచి ఫ్లాప్ వార్డు దాకా

పిండి మర బెల్టులో జడ చిక్కుకుంటుంది. నూర్పిడి మిషన్ షాఫ్టుకు జుట్టు చుట్టుకుంటుంది. రెండు మూడు క్షణాల్లో కనుబొమల దగ్గర నుంచి మెడ వెనక దాకా నెత్తి చర్మం జుట్టుతో సహా ఊడి వచ్చేస్తుంది. ప్లాస్టిక్ సర్జరీ వార్డులో స్టాఫ్ నర్సుగా నేను చూసిన ఇలాంటి పేషెంట్లు దాదాపు అందరూ ఆడవాళ్లే. వాళ్లను ఎత్తుకొచ్చే ఇంటివాళ్లకు ఏది ముందు చేయాలో, ఏది చేయకూడదో చెప్పేవాళ్లు ఉండరు. మీకు ఆ అవసరం ఎప్పుడూ రాకూడదు. వస్తే మాత్రం ఇది గుర్తుండాలి.

ముందు మీ చెవికి కాస్త ముందు, చెంప పైభాగంలో వేలు పెట్టి చూడండి. సన్నగా కొట్టుకుంటూ ఒక రక్తనాళం తగులుతుంది. దాని వెడల్పు సుమారు రెండు మిల్లీమీటర్లు. నెత్తి మీద కుడి ఎడమల నాళాలన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి కాబట్టి, అన్నీ తెగిపోయినా అలాంటి ఒక్క ధమనిని, ఒకటి రెండు సిరలను సరిగ్గా కలిపితే నెత్తి చర్మం మొత్తం బతికిన సందర్భాలు ఉన్నాయి. కింద చెప్పే పనుల్లో చాలావరకు ఆ చిన్న నాళాన్ని కాపాడి, అందులో మళ్లీ రక్తం పారేలా చూడటానికే.

మిషన్ ఆగిన వెంటనే

మెయిన్ స్విచ్ ఆపండి. జుట్టు ఇంకా ఇరుక్కుని ఉంటే లాగకండి, చక్రాన్ని వెనక్కి తిప్పకండి. కత్తెర తెచ్చి మిషన్‌కు చుట్టుకున్న జుట్టును కత్తిరించండి.

నెత్తి గాయం నుంచి రక్తం ధారగా కారుతుంది. అక్కడి నాళాలు ఒక గట్టి పొరలో బిగుసుకుని ఉంటాయి. తెగినా ముడుచుకోలేవు, నోరు తెరుచుకునే ఉంటాయి. ఉతికిన కండువానో దుప్పటో మందంగా మడిచి గాయం మీద పెట్టి అరచేతులతో గట్టిగా అదిమి పట్టండి. ఆగిందా లేదా అని మాటిమాటికీ తీసి చూడకండి. బట్ట తడిసిపోతే దాన్ని తీయకుండా పైన ఇంకోటి వేయండి. ఎముక లోపలికి దిగినట్టు అనిపిస్తే ఆ చోటు వదిలి చుట్టూ నొక్కండి. పసుపు, కాఫీపొడి, సున్నం ఏదీ వేయొద్దు. అవి రక్తాన్ని ఆపవు. పైగా తర్వాత సర్జన్ మైక్రోస్కోప్ కింద నాళం వెతికేటప్పుడు ఒక్కో రేణువునూ కడుక్కుంటూ కూర్చోవాలి.

జుట్టు పట్టి మిషన్ లాగిన బలం మెడ మీద కూడా పడుతుంది. అందుకని పేషెంటును కూర్చోబెట్టకుండా వెల్లకిలా పడుకోబెట్టి, తల, మెడ కదలకుండా ఒకరు పట్టుకోవాలి. 108కి ఫోన్ చేయండి. దాహం అని ఎంత అడిగినా నీళ్లు కూడా ఇవ్వకండి. కొద్ది గంటల్లో మత్తు ఇవ్వాల్సి రావచ్చు.

చర్మం పూర్తిగా ఊడకుండా ఒక పక్క అతుక్కుని ఉంటే దాన్ని కోయొద్దు. ఆ సన్నటి అతుకులో నుంచి రక్తం అందుతూ ఉండొచ్చు. మెలిక పడకుండా మెల్లగా యథాస్థానంలోకి సర్ది, పైన తడిబట్ట వేసి నొక్కి పట్టండి.

ఊడిన చర్మాన్ని తీసుకెళ్లడం

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కొందరు దాన్ని చూడలేక మిషన్ దగ్గరే వదిలేసి వస్తారు. కొందరు నేరుగా ఐసు గడ్డల్లో వేసి తెస్తారు. ఒకసారి ఒక కుటుంబం స్టీలు క్యారేజీ నిండా ఐసు పోసి, అందులో చర్మాన్ని కుక్కి, రెండు గంటలు ప్రయాణం చేసి వచ్చింది. మూత తీసేసరికి అది తెల్లబారి గట్టిపడిపోయి ఉంది. వాళ్లు ఎంత ప్రేమతో, ఎంత ఆదుర్దాతో చేశారో నాకు తెలుసు. కానీ గడ్డకట్టిన కణజాలంలో నాళాలు లోపలే పాడైపోతాయి, మళ్లీ కలపడానికి పనికిరావు.

చేయాల్సింది ఇది. చర్మాన్ని, దానితోపాటు దొరికిన చిన్న ముక్కలను కూడా తీసుకోండి. మట్టి ఉంటే సెలైన్‌తో పైపైన కడగండి. రుద్దొద్దు. సబ్బు, స్పిరిట్, డెట్టాల్ వాడొద్దు. సెలైన్‌లో తడిపి పిండిన శుభ్రమైన బట్టలో చుట్టండి. సెలైన్ లేకపోతే తాగే నీళ్లతో తడిపినా సరే. ఆ మూటను నీళ్లు దూరని ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి గట్టిగా కట్టండి. ఇంకో పెద్ద కవర్లోనో డబ్బాలోనో ఐసు ముక్కలు, నీళ్లు కలిపి పోసి, మొదటి కవరును అందులో ఉంచండి. చర్మానికి చల్లదనం మాత్రమే అందాలి, ఐసు తగలకూడదు. కవరు మీద ప్రమాదం జరిగిన టైము రాయండి.

చల్లగా పెట్టకపోతే కొద్ది గంటల్లోనే చర్మం చేజారిపోతుంది. సరిగ్గా చల్లబరిస్తే డాక్టర్లకు ఇంకాస్త టైము దొరుకుతుంది. అది కూడా గంటల లెక్కే. అందుకని దగ్గర్లోని చిన్న ఆసుపత్రిలో రక్తం ఆపించి, సెలైన్ ఎక్కించి, టీటీ ఇంజెక్షన్ వేయించుకుని వెంటనే బయలుదేరాలి. అక్కడ కుట్లు వేయిస్తూ పూట గడిపేయకండి.

ఏ ఆసుపత్రికి?

ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడగండి: "మైక్రోస్కోప్ కింద రక్తనాళాలు కలిపే ప్లాస్టిక్ సర్జన్ ఇప్పుడు ఉన్నారా?" లేరంటే అక్కడికి వెళ్లి టైము పోగొట్టుకోవద్దు. ప్రభుత్వ రంగంలో హైదరాబాద్ ఉస్మానియా, నిమ్స్, విశాఖ కేజీహెచ్ లాంటి చోట్ల ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. దారిలో ఉండగానే ఫోన్ చేసి చెబితే థియేటర్, రక్తం సిద్ధం చేసుకుంటారు. రక్తం చాలా అవసరమవుతుంది. ఇద్దరు ముగ్గురు దాతలను వెంట తీసుకురండి.

పోలీసు కేసు అవుతుందన్న భయంతో ప్రమాదాన్ని దాచకండి. ఎంఎల్‌సీ, అంటే పోలీసులకు తెలియజేసే మెడికో లీగల్ కేసు కాగితం, రాస్తారు, కానీ దానికోసం వైద్యం ఆపకూడదు. పని చేసే చోట జరిగితే ఆ కాగితమే రేపు నష్టపరిహారానికి ఆధారం. ఈఎస్‌ఐ కార్డు ఉంటే తీసుకెళ్లండి. ఏపీలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద ఏమేం వస్తాయో ఆసుపత్రిలో ఆ పథకాల పని చూసే ఆరోగ్యమిత్రను మొదటి రోజే అడగండి.

సర్జన్ ఏం చెబుతారో అర్థం చేసుకోవడం

ఊడిన చర్మం బాగుంటే దాన్నే తిరిగి అతికించడానికి చూస్తారు. నాళాలు కలిపి ఇలా చేయడంలో మొదటి విజయం 1976లో ఆస్ట్రేలియా డాక్టర్లు ప్రకటించారు. నెత్తి మొత్తం ఊడినప్పుడు జుట్టు మళ్లీ మామూలుగా పెరిగే దారి ఇదొక్కటే కాబట్టి, అవకాశం ఉంటే ఎవరూ వదులుకోరు. కానీ మిషన్ లాగేటప్పుడు నాళాలు కత్తితో కోసినట్టు తెగవు, దారంలా సాగి పీకబడతాయి. లోపలి పొర చాలా దూరం వరకు చిట్లిపోయి ఉంటుంది. అందుకే ఎంత మంచి చేయి అయినా కొన్నిసార్లు కుదరదు. కుదరదని చెప్పారంటే ప్రయత్నం చేయలేదని అనుకోకండి.

అప్పుడు అసలు ప్రశ్న: ఎముక మీద పల్చటి పొర మిగిలిందా లేదా? ఆ పొర ఉంటే తొడ నుంచి పల్చగా తీసిన చర్మాన్ని, అంటే స్కిన్ గ్రాఫ్ట్‌ను, దాని మీద పరిస్తే అంటుకుంటుంది. గ్రాఫ్ట్‌కు సొంత నాళాలు ఉండవు, కింద నుంచి వచ్చే రక్తంతో బతకాలి. పొర పోయి తెల్లటి ఎముక కనిపిస్తుంటే గ్రాఫ్ట్‌కు తిండి దొరకదు. వెనకటి రోజుల్లో ఆ ఎముకకు చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, లోపలి నుంచి ఎర్రటి కండ పైకి వచ్చేదాకా నెలల తరబడి ఆగేవారు. 1806లో అమెరికాలో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన ఆ పద్ధతిని వివరంగా రాశారు. అలా మానిన నెత్తి పల్చగా ఉండి, చిన్న దెబ్బకే పుండు పడేది. ఏళ్ల తరబడి మానని పుండు క్యాన్సర్‌గా మారే ప్రమాదం కూడా ఉంది. అందుకే ఎముక కనిపిస్తున్న నెత్తిని డ్రెస్సింగులతో సంవత్సరాలు నెట్టుకురావద్దని బతిమాలి చెబుతున్నాను.

ఎముకకు కావాల్సింది సొంత రక్తంతో వచ్చే కణజాలం. దాన్నే ఫ్లాప్ అంటారు. చిన్న గాయమైతే పక్కనున్న నెత్తి చర్మాన్నే కొంత విడదీసి తిప్పి కప్పుతారు. నెత్తి చర్మం కింద గట్టి పొర ఉండటం వల్ల అది పొట్ట చర్మంలా సాగదు. అందుకే అరచేతి మధ్యభాగమంత గాయానికి కూడా నెత్తి మీద పొడవాటి కోత కనిపిస్తుంది. "ఇంత చిన్నదానికి ఇంత కోశారేంటి" అని కంగారు పడొద్దు.

నెత్తి మొత్తం పోయినప్పుడు పక్కన తిప్పడానికేమీ మిగలదు. అప్పుడు ఫ్రీ ఫ్లాప్. వీపు పక్కన ఉండే వెడల్పాటి కండను దాని ధమని, సిరలతో సహా పూర్తిగా విడదీసి తల మీదకు తెచ్చి, అక్కడి నాళాలకు కలుపుతారు. ఆ కండ పైన తొడ చర్మం గ్రాఫ్ట్ పరుస్తారు. గాయాన్ని బట్టి తొడ పక్క నుంచి చర్మంతో కలిపి తీసే ఫ్లాప్ కూడా వాడతారు. పేగుల ముందు వేలాడే కొవ్వు పొరను నెత్తికి మార్చి, నాళాలు కలిపి బతికించింది 1972లో అమెరికాలో మెక్లీన్, బంకీ అనే సర్జన్లు. ఈ రోజు మన వార్డుల్లో చేసే ఫ్రీ ఫ్లాపులన్నీ ఆ దారిలో వచ్చినవే. ఆపరేషన్ ఎనిమిది, పది గంటలు పట్టొచ్చు. వాడే దారం మనిషి వెంట్రుక కన్నా సన్నం. బయట కూర్చున్న మీకు ఆలస్యం అవుతుందంటే ఏదో చెడు జరిగిందని కాదు.

"కాలి నరం తీస్తాం" అంటే

ఈ మాట దగ్గర ఎన్ని కుటుంబాలు బెదిరిపోయాయో. మన మాటల్లో రక్తం పారే నాళాన్నీ, కదలికను నడిపే నాడినీ రెంటినీ "నరం" అనేస్తాం. డాక్టర్ హడావిడిగా "కాలి నరం తీసి తలకు వేస్తాం" అని సంతకం పెట్టమంటారు. ఒక తండ్రి పెన్ను పట్టుకుని, పెట్టలేక, నా దగ్గరకొచ్చి "సిస్టరమ్మా, నెత్తి ఎట్లాగూ పోయింది, ఇక మా పిల్ల నడవను కూడా నడవదా?" అని అడిగారు. ఆయన కళ్లు ఇప్పటికీ గుర్తున్నాయి.

తీసేది సిర, కదలిక నాడి కాదు. చీలమండ లోపలి వైపు నుంచి తొడ దాకా చర్మం కింద పోయే పొడవాటి సిర అది. గుండె బైపాస్‌కు వాడేది కూడా ఎక్కువగా అదే. దాన్ని తీసినా కాలి రక్తం లోపలి పెద్ద సిరల గుండా వెళ్లిపోతుంది. నడకకు ఇబ్బంది రాదు. కొన్ని వారాలు పాదం వాపు ఉండొచ్చు, లోపలి వైపు మచ్చ మిగులుతుంది, చీలమండ చుట్టూ కాస్త మొద్దుబారినట్టు ఉండొచ్చు.

ఎందుకు అవసరం? ఫ్లాప్‌తో వచ్చే నాళాల పొడవు పరిమితం. చెవి ముందరి నాళం పాడైపోతే బాగున్న నాళం కోసం మెడ దాకా దిగాలి. మెడ నుంచి నడినెత్తికి ఫ్లాప్ నాళాలు అందవు. మధ్యలో ఈ సిర ముక్కను పైపులా వేస్తారు. సిరల్లో రక్తం ఒకే వైపు పోయేలా కవాటాలు ఉంటాయి కాబట్టి, ధమని చోట వేసేటప్పుడు దాన్ని తిరగేసి పెడతారు. కొన్నిసార్లు ముందు మెడలో ధమనికీ సిరకూ మధ్య ఒక ఉచ్చులా కలిపి, రక్తం బాగా పారుతోందని చూశాక మధ్యలో కోసి ఫ్లాప్‌కు కలుపుతారు. అతుకులు పెరిగే కొద్దీ గడ్డ కట్టే ప్రమాదం కొంత పెరుగుతుంది. అందుకే అవసరమైతేనే వేస్తారు. మీరు అడగాల్సిన ప్రశ్నలు రెండు: "ఈ సిర ముక్క (సిర గ్రాఫ్ట్) లేకుండా అందే నాళం ఏదైనా ఉందా? లేకపోతే ఏ కాలు నుంచి తీస్తారు?"

మీరు చెప్పాల్సినవి కూడా ఉన్నాయి. కాళ్ల మీద సిరలు ఉబ్బి మెలికలు తిరిగి ఉన్నాయా, ఇంతకుముందు బైపాస్‌కు తీశారా, కాలిలో రక్తం గడ్డకట్టిందా, తలకు రేడియేషన్ ఇచ్చారా. ఆపరేషన్‌కు ముందు రోజుల్లో ఎవరైనా చీలమండ దగ్గర సెలైన్ సూది గుచ్చబోతే "ఈ కాలి సిర గ్రాఫ్ట్‌కు కావాలంట, డాక్టర్‌ను ఒక్కసారి అడగండి" అని చెప్పండి. సూది గుచ్చిన సిర లోపల దెబ్బతింటుంది. వార్డులో రద్దీలో మేము కూడా మర్చిపోయే విషయం ఇది, మీరు గుర్తు చేస్తే తప్పు పట్టుకోం.

మొదటి మూడు రోజులు: ఫ్లాప్‌ను కాపలా కాయడం

ఫ్లాప్‌కు ముప్పు వస్తే ఎక్కువగా మొదటి రెండు మూడు రోజుల్లోనే వస్తుంది. మొదటి రోజు మేము గంట గంటకూ చూస్తాం. మీరు పక్కన ఉండనిచ్చే చోటైతే మీ కళ్లు కూడా కావాలి.

బాగున్న చర్మపు ఫ్లాప్ గులాబీ రంగులో, వెచ్చగా ఉంటుంది. నర్సు వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు మూడు సెకన్లలో మళ్లీ రంగు వస్తుంది. తెల్లగా పాలిపోయి, చల్లబడి, రంగు తిరిగి రావడం ఆలస్యమైతే ధమనిలో రక్తం రావడం లేదన్నమాట. నీలంగా, ఊదాగా మారి, ఉబ్బి, నొక్కగానే రంగు చటుక్కున వచ్చేస్తుంటే సిర మూసుకుపోయి రక్తం బయటికి పోవడం లేదు. రెండోదే ఎక్కువగా జరుగుతుంది, కొత్తవాళ్లను మోసం చేసేదీ అదే. "రంగు బాగానే వస్తోందిగా" అనిపిస్తుంది. కండ మీద గ్రాఫ్ట్ వేసిన చోట రంగు పోల్చుకోవడం కష్టం, డాప్లర్ అనే చిన్న యంత్రం పెట్టి నాళంలో రక్తం పారే శబ్దం వింటాం. ఆ హుష్ హుష్ శబ్దం వినిపించినప్పుడు పేషెంటుకు కూడా వినిపిస్తాను. ఆ శబ్దం విన్న రాత్రి వాళ్లు నిద్రపోతారు.

తేడా కనిపిస్తే పొద్దున రౌండ్స్ దాకా ఆగొద్దు. అర్ధరాత్రి అయినా నర్సును లేపండి, వినకపోతే డ్యూటీ డాక్టర్ దగ్గరకు వెళ్లండి. వెంటనే థియేటర్‌కు తీసుకెళ్లి గడ్డ తీసి మళ్లీ కలిపితే చాలా ఫ్లాపులు బతుకుతాయి. ఆలస్యమైతే ఎవరూ ఏమీ చేయలేరు.

నాళం ఏ దారిలో వెళ్తోందో సర్జన్‌ను అడిగి చూపించమనండి: చెవి ముందా, మెడ పక్కనా. ఆ దారి మీద ఏదీ బిగుతుగా ఉండకూడదు. ఆక్సిజన్ మాస్కు ఎలాస్టిక్, కళ్లజోడు కాడ, తల చుట్టూ గట్టిగా చుట్టిన కట్టు, మెడలో తాయెత్తు దారం, గొలుసు. దేవుడి దారం తీయడానికి మనసొప్పకపోతే మణికట్టుకు కట్టండి. తల ఫ్లాప్ వైపుకు ఆనకూడదు. మెడను అటూ ఇటూ తిప్పమనడం, లేపి కూర్చోబెట్టడం డాక్టర్ చెప్పాకే.

చలికి నాళాలు ముడుచుకుంటాయి, ఏసీ తగ్గించి ఒళ్లు కప్పండి. నొప్పిని ఓర్చుకోమని చెప్పకండి, నొప్పికి కూడా నాళాలు ముడుచుకుంటాయి. బీడీ, చుట్ట, సిగరెట్, ఖైనీ, గుట్కా ఏ రూపంలోనూ పొగాకు దగ్గరకు రాకూడదు. పేషెంటే కాదు, బయట సిగరెట్ తాగి వచ్చి మంచం పక్కన కూర్చునే బంధువుకు కూడా ఈ మాట చెప్పండి. టీ, కాఫీ విషయంలో మీ యూనిట్ ఎలా చెబితే అలా.

ఇంటికి వచ్చాక

తొడ మీద చర్మం తీసిన చోటి డ్రెస్సింగ్ సుమారు రెండు వారాలు అలాగే ఉంటుంది. అంటుకుపోయిందని పీకొద్దు, దానంతట అదే వదులుతుంది. వీపు కండ తీసిన వైపు భుజానికి ఫిజియోథెరపీ మానొద్దు. చాలామంది ఇంటి పనులన్నీ మళ్లీ చేసుకుంటారు.

ఫ్లాప్ మీద స్పర్శ ఉండదు. వేడి నీళ్లు పోసేటప్పుడు ముందు మీ చేతితో చూడండి. ఎండలోకి వదులుగా చుట్టిన నూలు బట్టతోనే పంపండి. మానాక గ్రాఫ్ట్ ఎండిపోయి పగలకుండా కొబ్బరి నూనె పల్చగా రాయొచ్చు. హెల్మెట్ ఎప్పుడు పెట్టుకోవచ్చో సర్జన్ చెప్పాలి. కనుబొమలు, పై రెప్పలు కూడా దెబ్బతిని కన్ను పూర్తిగా మూతపడకపోతే రాత్రి మందు రాయడం ఒక్క రోజు కూడా తప్పొద్దు, నల్లగుడ్డు ఎండి చూపు పోతుంది.

ఫ్లాప్ మీద జుట్టు రాదు. తిరుపతిలో ఇచ్చిన గుండు కాదు ఇది, మూడు నెలల్లో కమ్ముకోదు. ఈ నిజాన్ని మెల్లగా అయినా ముందే చెప్పాలి. జుట్టున్న నెత్తి సగం దాకా మిగిలి ఉంటే, కొన్ని నెలల తర్వాత దాని కింద బెలూన్ లాంటి ఎక్స్‌పాండర్ పెట్టి, వారం వారం సెలైన్ ఎక్కించి, రెండు మూడు నెలలు సాగదీసి, ఆ జుట్టున్న చర్మంతో మిగతా భాగం కప్పవచ్చు. తల ఆ నెలల్లో ఎత్తుగా, వింతగా కనిపిస్తుంది. ఊరివాళ్ల చూపులకు ఇంటివాళ్లు అడ్డు నిలబడాల్సిన కాలం అది.

నెత్తి పూర్తిగా పోయినవాళ్లకు విగ్గు. ఇందుకోసం ఒక పని మొదటి రోజే చేయాలి, అప్పుడు ఎవరికీ గుర్తు రాదు. తెచ్చిన చర్మం తిరిగి అతికించడానికి పనికిరాదని సర్జన్ తేల్చాక, దాన్ని వ్యర్థాల్లో వేయకముందే, దాని మీది జడను కత్తిరించి ఇవ్వమని అడగండి. కడిగి ఆరబెట్టి దాచండి. పొడవు చాలితే విగ్గు చేసేవాళ్లు వాడతారు. నా వార్డులో ఒకమ్మాయికి వాళ్లమ్మ అలా దాచి ఉంచింది. ఎనిమిది నెలల తర్వాత చెకప్‌కు వచ్చినప్పుడు ఆ అమ్మాయి తల మీద ఉన్నది తన జుట్టే. రెండు జడలు వేసుకుని, మల్లెపూలు పెట్టుకుని వచ్చింది.